ముగ్గు పిండితో వేసిన సోడియం

తల్లిదండ్రులకు నమస్కారం.

బస్సు రూట్ల మార్పులు, సెలవుల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పేజీలో పదో తరగతిలో జరిగిన ఒక సంగతి చెప్పాలని ఉంది. మిగతా తరగతుల వాళ్ళ అమ్మానాన్నలు కూడా చదవండి, మీ పిల్లలూ రేపు ఆ క్లాసుకి వచ్చేవాళ్ళే.

సైన్సు టీచరు సెలవు పెట్టడంతో పోయిన వారం రెండు పీరియడ్లు నేనే తీసుకున్నాను. సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటే దాని సైజు ఏమవుతుందని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా "తగ్గుతుంది మేడమ్" అంది. మరి క్లోరిన్‌కి ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరితే? "పెరుగుతుంది మేడమ్." రెండూ కరెక్టే. ఎందుకు అన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి ఒకబ్బాయి లేచి, "మిర్చి టిక్కీలోంచి కాయలు తీస్తే టిక్కీ లూజవుతుంది కదా మేడమ్, అలాగే" అన్నాడు.

గుంటూరు పిల్లాడికి రావలసిన పోలికే (టిక్కీ అంటే మిర్చి బస్తా). ధైర్యంగా చెప్పినందుకు మెచ్చుకున్నాను. కానీ అది సరిపోదు. సోడియంలో ఉన్నవి 11 ఎలక్ట్రాన్లు. టిక్కీ లెక్కన ఒకటి పోతే కొద్దిగా తగ్గాలి. నిజానికి దాని వ్యాసార్థం 186 పికోమీటర్ల నుంచి 102కి పడిపోతుంది. (మీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పికోమీటరు.) ఒక్క ఎలక్ట్రాన్ పోతే ఇంత తేడా ఎందుకు?

మర్నాడు పొద్దున అందరినీ గ్రౌండులోకి తీసుకెళ్ళాం. మేకు, తాడు, ముగ్గు పిండి. ఒక పికోమీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున తాడు కొలిచి, ఆడపిల్లలు సోడియం పరమాణువుకి పెద్ద చుట్టు వేశారు. అదే మేకు చుట్టూ 102 సెంటీమీటర్ల తాడుతో సోడియం అయాన్‌ని వేశారు (ఎలక్ట్రాన్ పోయిన, లేదా వచ్చి చేరిన పరమాణువుని అయాన్ అంటారు). మధ్యలో కేంద్రకం ఎంతుండాలో లెక్కగడితే వెంట్రుక మందం కన్నా ఎక్కువ రాలేదు. ఒకమ్మాయి తన జడలోంచి ఒక వెంట్రుక లాగి మేకు పక్కన పెట్టి, చాలాసేపు అలా చూస్తూ కూర్చుంది.

ఆ రెండు చుట్ల మధ్య ఖాళీని చూపిస్తూ చెప్పాను. పదకొండో ఎలక్ట్రాన్ మూడో కక్ష్యలో ఒంటరిగా ఉంటుంది. అది వెళ్ళిపోతే ఆ కక్ష్యే ఖాళీ అయిపోతుంది. పై అంతస్తులో ఉన్న ఒక్క మనిషీ ఖాళీ చేస్తే ఆ అంతస్తే లేకుండా పోయినట్టు. పైగా మిగిలిన పదింటినీ ఇప్పుడు కేంద్రకంలో ఉన్న పదకొండు ప్రోటాన్లు లాగుతున్నాయి. అందుకే అవి ఇంకా దగ్గరికి జరుగుతాయి.

క్లోరిన్ కథ వేరు. అక్కడ కొత్త అంతస్తేమీ లేవదు. వచ్చిన ఎలక్ట్రాన్ మూడో కక్ష్యలోనే సర్దుకుంటుంది, అక్కడ ఏడుగురు ఎనిమిదిమంది అవుతారు. లాగే ప్రోటాన్లు మాత్రం అదే 17. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని ఎడం ఎడంగా జరుగుతాయి. 99 ఉన్న చుట్టు 181 అవుతుంది. ఈ చుట్టు వేయడం పూర్తికాగానే వెనకనుంచి ఎవరో "మేడమ్, ఉప్పులో సోడియమే చిన్నది!" అని అరిచారు. అవును. విడి పరమాణువుల్లో సోడియం పెద్దది, క్లోరిన్ చిన్నది. మనం కూరలో వేసుకునే ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కి ఇచ్చేసి ఉంటుంది కాబట్టి అది తిరగబడుతుంది.

మీ దగ్గరున్న గైడులో సోడియం అయాన్‌కి 95 అని ఉంటే కంగారు పడకండి. అది లైనస్ పౌలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త వేసిన లెక్క. ఎలక్ట్రాన్ల మేఘానికి గోడలాంటి అంచు ఉండదు. పక్కపక్కన ఉన్న అయాన్ల మధ్య దూరం కొలిచి, దానిలో ఎవరి వాటా ఎంతో పంచాలి. పంచే పద్ధతిని బట్టి అంకె కొద్దిగా మారుతుంది.

తర్వాత స్లిప్ టెస్టులో ఒకే ప్రశ్న ఇచ్చాను. ఆక్సైడ్ (ఆక్సిజన్ అయాన్), ఫ్లోరైడ్ (ఫ్లోరిన్ అయాన్), సోడియం, మెగ్నీషియం అయాన్లు, నాలుగింటికీ పదేసి ఎలక్ట్రాన్లు. సైజులో ఏది పెద్దది? గ్రౌండుకి రాకముందు ఇదే అడిగితే ఎక్కువమంది "అన్నీ సమానం" అన్నారు. ఈసారి చాలామంది ప్రోటాన్లు లెక్కపెట్టారు. ఆక్సిజన్‌కి 8 ప్రోటాన్లు, మెగ్నీషియంకి 12. లాగేవి తక్కువైతే వ్యాపిస్తుంది, ఎక్కువైతే ముడుచుకుంటుంది. అందుకే ఆక్సైడ్ 140, మెగ్నీషియం 72. కొందరు ఇంకా తప్పు రాశారు, కానీ ఏమీ రాయకుండా వదిలేసినవాళ్ళు లేరు.

నిజం చెప్పాలంటే తప్పు పిల్లలది కాదు, మా పేపర్లది. బిట్లు ఇచ్చాం, బిట్లే నేర్చుకున్నారు. ఇక నుంచి తొమ్మిది, పది తరగతుల యూనిట్ టెస్టుల్లో సైన్సులో సగం మార్కులు "ఎందుకు" అన్న ప్రశ్నకే. మొదటి ఒకటి రెండు టెస్టుల్లో మార్కులు తగ్గొచ్చు. టెన్షన్ పడి ట్యూషన్ మార్చకండి, పిల్లల్ని కోప్పడకండి. రాత్రి అన్నం తినేటప్పుడు ఉప్పు డబ్బా ముందు పెట్టి "ఇందులో ఏది పెద్దదిరా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి. మీకు సైన్సు రాకపోయినా ఫర్వాలేదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ఈ ముగ్గులు మళ్ళీ వేస్తారు. మాట్లాడేది పిల్లలే, మేం పక్కన నిలబడతాం. ఎండ ముదరకముందే వస్తే బాగుంటుంది. పిల్లలతో గుప్పెడు కల్లుప్పు పంపించండి, భూతద్దం కింద దాని పలకలు చూపిస్తారట.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు