జారిన కుట్టును నిలబెట్టిన చేతులకు

మొన్నటి రైలు ప్రయాణంలో నా ఎదుటి సీటులో కూర్చుని, పేరైనా చెప్పకుండా దిగిపోయిన పెద్దావిడకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. నెల రోజులుగా అల్లుతున్న ఊలు శాలువాలో ఒక కుట్టు సూది మీదినుంచి జారి, 12 వరుసల కిందివరకు నిచ్చెనలా విడిపోయినప్పుడు, ఇక మొత్తం విప్పేయడమే దారి అనుకుని నేను పోగు లాగబోతుండగా మీరు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

మీ సంచిలోని, కొసన కొక్కెం ఉండే క్రోషా సూదిని అడుగున మిగిలిన ఉచ్చులోకి దూర్చి, దాని పైనున్న అడ్డపోగును కొక్కేనికి తగిలించి ఆ ఉచ్చులోంచి ఇవతలికి లాగారు. అలా ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ 12 వరుసలూ పూర్తిచేసి, చివరి ఉచ్చును మెలిపడకుండా నా సూదికి ఎక్కించారు. ఊలుకు నూగు ఉంటుంది కాబట్టి ఉచ్చులు ఒకదానినొకటి పట్టుకుంటాయనీ, నున్నటి పట్టు పోగైతే ఇంకా త్వరగా జారేదనీ మీరు చెప్పినప్పుడుగాని నా కంగారు తగ్గలేదు.

సన్నని సెగన కూర మగ్గుతున్నంతసేపూ వంటింట్లోనే కూర్చుని నాలుగు వరుసలు అల్లుకోవడం నాకు రోజు మొత్తంలో ఎంతో ఇష్టమైన సమయం. ఆ శాలువాను విప్పేసి ఉంటే మళ్లీ సూదులు పట్టేదాన్ని కాదేమో.

శాలువా పూర్తయిందమ్మా. మీరు సరిచేసిన చోట కుట్లు మొదట కాస్త బిగుతుగా కనిపించినా, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పరచి ఆరబెట్టాక పక్కవాటిలో కలిసిపోయాయి. ఇప్పుడు వెతికితే నాకే దొరకడం లేదు.