'స్టెరాయిడ్స్ ఇచ్చాం' అంటే సరిపోదు

సంపాదకులు గారికి,

నెలలు నిండని పిల్లలకు స్టెరాయిడ్ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. రెండు వేర్వేరు వైద్యాలను ఒకే గాటన కట్టేశారు. ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకు అది చదివితే టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది?

కాన్పు ముందే వచ్చేలా ఉంటే తల్లికి 24 గంటల తేడాతో బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు వేస్తారు. దాంతో బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ (వాటిని తెరుచుకుని ఉంచే జిగురులాంటి పదార్థం) త్వరగా తయారవుతుంది, పుట్టాక ఊపిరితిత్తులు ముడుచుకుపోవు. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌవీ అనే డాక్టర్లు 1972లోనే దీని మేలు చూపించారు. నేనూ వేయించుకున్నాను. ఇంకోసారి అవసరమైనా వేయించుకుంటాను.

పుట్టాక బిడ్డకే ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి అలా కాదు. వెంటిలేటర్ త్వరగా తీసేయగలుగుతారు, నిజమే. కానీ మొదటి వారంలోనే మొదలుపెట్టిన పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ సరిగా కదలని స్థితి) ఎక్కువగా కనిపించింది. మామూలుగా వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2002లో చెప్పింది. పైగా ఊపిరితిత్తుల్లోని వాయుగోణులు (గాలి నిండే చిన్న గదులు) చాలావరకు పుట్టాకే ఏర్పడతాయి. ఆ దశలో ఈ మందు ఇచ్చిన ఎలుక పిల్లల్లో గదుల మధ్య గోడలు సరిగా లేవలేదు. గదులు పెద్దవయ్యాయి, లెక్కకు తగ్గాయి. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం ఎలుకల్లో ఆ నష్టాన్ని కొంత పూడ్చింది. పసివాళ్లలో అంత ఫలితం రాలేదు. 1999లో వచ్చిన అధ్యయనంలో కిలో లోపు బరువున్న పిల్లలకు వారానికి మూడుసార్లు, నాలుగు వారాలు విటమిన్ ఎ సూదులు వేస్తే, మరణం లేదా దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు 62 శాతం నుంచి 55కి తగ్గింది. (ఇది చూసి ఇంట్లో చుక్కలు మొదలుపెట్టేయకండి. విటమిన్ ఎ ఎక్కువైతే విషమే.)

మా అబ్బాయి 28 వారాలకే పుట్టాడు. ఎనిమిదో ఏట నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం వస్తోందని స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించాం. "ఏ మందు, పుట్టిన ఎన్నో రోజున, ఎంత డోసు, ఎన్నాళ్లు?" అని డాక్టరు గారు అడిగారు. మా చేతిలో ఉన్న డిశ్చార్జ్ కాగితంలో 'స్టెరాయిడ్స్ ఇచ్చాం' అని ఒక్క లైను ఉంది. ఆ ఆసుపత్రికి వెళ్లి అడిగితే పాత ఫైళ్లు తీసేశామన్నారు.

ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు డిశ్చార్జ్ కాగితంలో తప్పనిసరిగా రాయాలని ఆరోగ్య శాఖ ఆదేశించాలి. విటమిన్ ఎ ఇస్తే అదీ రాయాలి. పిల్లలు అయిదారేళ్లకు గొట్టంలోకి గట్టిగా ఊదగలుగుతారు కాబట్టి, ఇలా పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ వయసులో ఒకసారి ఈ పరీక్ష చేయాలి. మేం ఆయాసం వచ్చేదాకా ఆగాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు