టిక్కీలో చోటు చూసుకునే పోయాలి

మ్యూనిక్,
మార్చి 8

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మంచు కరిగింది గానీ చలి ఇంకా వదల్లేదు. అమ్మ ఇచ్చిన పండుమిరప పచ్చడి సీసా అడుక్కి వచ్చేసింది. మిరప యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు కదా, నాన్న రాత్రి ఎప్పటికో ఆ ఘాటుతోనే ఇల్లు చేరుతూ ఉంటాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకోమని నేను మరీ మరీ చెప్పానని చెప్పు.

నువ్వు సీ భాషలో రాసి పంపిన ప్రోగ్రామ్ రెండుసార్లు చదివాను. నాన్న గుమాస్తాగా చేసే కొట్టు కోసం, రైతు పేరు, ఊరు, మిరప రకం, టిక్కీల (మిరప బస్తాల) లెక్క కలిపి చీటీ చేసి ఫోన్‌కి పంపే పరికరం నువ్వు తయారుచేస్తున్నావంటే నాకు కళ్ళు చెమర్చాయిరా. ఆ చీటీలు కార్బన్ పేపరు పెట్టి రాసీ రాసీ నాన్న వేళ్ళు కాయలు కాయడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. అందుకే ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చకుండా ఇలా ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఊరు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే బాగానే ఉంది, తెలుగులో కొడితే 42 టిక్కీలు ఉండాల్సిన చోట కోట్ల అంకె వస్తోంది, పరికరంలో ఉన్న బోర్డు పోయిందేమో అన్నావు. బోర్డుకి ఏమీ కాలేదు. చీటీకి నువ్వు ఇచ్చిన చోటు 64 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కోటి ఒక బైటు, కాబట్టి వట్టిచెరుకూరు 14 బైట్లలో సరిపోతుంది. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. అక్షరమే కాదు, గుడి, కొమ్ము, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా మూడేసి. వట్టిచెరుకూరుని అలా విడదీసి లెక్కపెట్టు, 13 గుర్తులు, 39 బైట్లు. రైతు పేరుకి 8 గుర్తులే అనుకున్నా 24. మధ్యలో కామా, ఖాళీ కలిపి రెండు. మొత్తం 65. స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, ముగిసిందని చెప్పే సున్నా బైటుతో 66. ఇంకా 'తేజ' అని రకం చేర్చనే లేదు, అప్పటికే 64 దాటిపోయింది.

దాటింది ఎక్కడికి పోతుంది? యార్డులో మన లాటు పక్కనే ఇంకొకరి లాటు ఉంటుంది కదా. నిండిన టిక్కీలో ఇంకా పోస్తే కాయలు పక్క లాటులో పడతాయి. తాలు కాయలు వెళ్ళి మేలు రకంలో కలిస్తే ఎవరివి ఎవరివో తేల్చేదెవరు? నీ స్ట్రక్చర్‌లో 64 బైట్ల చీటీ పక్కనే టిక్కీల లెక్క పెట్టావు. ఊరి పేరు చివరి ముక్క, దాని వెనకే రకం పోయి ఆ లెక్క మీద పడ్డాయి. అదే నీకు కోట్లలో కనిపించింది.

ముక్కలు కలపడానికి నువ్వు వాడిన స్ట్ర్‌క్యాట్ ఫంక్షన్‌కి నువ్వు ఇచ్చేవి రెండే రెండు చిరునామాలు. ఎక్కడ చేర్చాలి, ఏది చేర్చాలి. చోటు ఎంతుందో దానికి చెప్పే దారే లేదు. సున్నా బైటు కనిపించేదాకా నడిచి, అక్కడినుంచి పోసుకుంటూ పోతుంది. పైగా ప్రతిసారీ మొదటినుంచే నడుస్తుంది. కొత్త టిక్కీ వచ్చినప్పుడల్లా నాన్న మొదటి టిక్కీ నుంచి లెక్క మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా.

ఇలా హద్దు లేకుండా రాయడం ఎంత దూరం పోయిందో నీకు తెలియాలి. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లో వదిలిన మోరిస్ వార్మ్, అంటే తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రామ్, పాకిన దారుల్లో ఇదొకటి. యంత్రాన్ని వాడేవాళ్ళ వివరాలు చెప్పే ఫింగర్ సేవ గెట్స్ అనే ఫంక్షన్‌తో 512 బైట్ల చోటులోకి చదువుతుండేది. వార్మ్ అంతకంటే ఎక్కువ పంపింది, పొంగిన బైట్లతో ఆ యంత్రం చేత తన పని చేయించుకుంది. ఆ గెట్స్‌ని సీ భాష ప్రమాణంలోంచి 2011లో గానీ తీసేయలేదు. స్ట్ర్‌క్యాట్ ఇప్పటికీ ఉంది.

స్ట్ర్‌క్యాట్‌కి బదులు, ఒక అంకె కూడా తీసుకునే స్ట్ర్‌ఎన్‌క్యాట్ వాడితే చాలు, భద్రం అని మీ సారు చెప్పారన్నావు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది చాలదు. నువ్వు మూడో విలువగా సైజాఫ్ చీటీ, అంటే చీటీ మొత్తం కొలత 64 ఇచ్చావు. ఆ మూడో విలువ మొత్తం చోటు కాదురా. కొత్తగా గరిష్ఠంగా ఎన్ని బైట్లు చేర్చవచ్చో అది. దాని మీద సున్నా బైటు అదనంగా రాస్తుంది. అందులో ఇప్పటికే 40 ఉంటే, ఇంకో 64 పోసుకోమని నువ్వే అనుమతి ఇచ్చినట్టు. ఇవ్వాల్సింది 64లోంచి ఉన్నది తీసేసి, ఇంకో ఒకటి తీసేసిన అంకె. నకలు చేసే స్ట్ర్‌ఎన్‌కాపీ ఇంకో రకం. పేరు సరిగ్గా పట్టేంత ఉన్నా, అంతకు మించి ఉన్నా చివర సున్నా పెట్టదు. అది పాత యూనిక్స్‌లో 14 బైట్ల ఫైల్ పేర్లలాంటి స్థిరమైన గళ్ళు నింపడానికి పుట్టిన ఫంక్షన్, స్ట్రింగ్‌లు కలపడానికి కాదు. సైజాఫ్‌తో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. చీటీని వేరే ఫంక్షన్‌కి పంపాక అక్కడ సైజాఫ్ అడిగితే వచ్చేది పాయింటర్, అంటే చిరునామా కొలత, నీ ల్యాప్‌టాప్‌లో 8, ఆ 32 బిట్ల బోర్డు మీద 4. చీటీతో పాటు దాని కొలత కూడా విడిగా పంపాలి.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు స్ట్ర్‌ఎల్‌కాపీ, స్ట్ర్‌ఎల్‌క్యాట్ తెచ్చారు. వీటికి మొత్తం చోటు చెబితే చాలు, ఆ లోపలే ఆగి సున్నా పెడతాయి. కలిపితే ఎంత పొడవు కావాల్సి ఉండేదో తిరిగి చెబుతాయి. లినక్స్‌లో ఎక్కువమంది వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలోకి ఇవి రావడానికి 2023 దాకా పట్టింది. వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి నా మనసులో నాటుకుపోయింది. పట్టనిదాన్ని చప్పుడు చేయకుండా కోసేస్తాయి, రాసేవాడు అది చూసుకోడు అని.

నేనూ చూసుకోలేదు. ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, పరికరాల పేర్లు తయారుచేసే ముక్క నేను రాశాను. ప్రాంతం గుర్తు, ఒక గీత, వరుస సంఖ్య. చోటు 16 బైట్లు. పొంగకుండా స్ట్ర్‌ఎల్‌క్యాటే వాడాను, అది తిరిగి చెప్పిన అంకెను మాత్రం వదిలేశాను. కొన్నాళ్ళకి వరుస సంఖ్యకి ఒక అంకె పెరిగింది. చివరి అంకె తెగిపోయింది. పదేసి పరికరాలకి ఒకే పేరు వచ్చి వాటి రీడింగులన్నీ కలిసిపోయాయి. ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా కూలలేదు, ఏ హెచ్చరికా రాలేదు. విడదీయడానికి మూడు వారాలు పట్టింది, కొన్ని విడదీయలేకపోయాం. ఆ మూడు వారాలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. పొంగకుండా ఆపడం సగం పనేనని, అంతా పట్టిందా అని అడగడం మిగతా సగమని నాకు అప్పుడు అర్థమైంది.

నీ చీటీకి నేనైతే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ వాడతాను. 1999 ప్రమాణంనుంచి ఉంది, నీ బోర్డులోనూ ఉంటుంది. చోటు చెప్పి రాయమంటే ఆ లోపలే రాసి, మొత్తం రాయాల్సి ఉన్న పొడవు తిరిగి చెబుతుంది. ఆ అంకె చోటుకి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే కొంత తెగిందన్నమాట. మైనస్ వస్తే అసలు రాయడమే విఫలమైంది. ముక్కలు ముక్కలుగా చేర్చేటప్పుడు ఇక్కడే చాలామంది పడిపోతారు. వచ్చిన అంకెను చూడకుండా 'వాడినది'కి కలిపేస్తే అది చోటుని దాటేస్తుంది. తర్వాత చోటులోంచి వాడినది తీసేస్తే మైనస్ రావాలి, కానీ కొలతలు దాచే సైజ్-టి రకానికి మైనస్ తెలియదు, అది బ్రహ్మాండమైన అంకెగా మారుతుంది. ఇంకా బోలెడు చోటుందని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ నమ్మి, చీటీ దాటిపోయిన చోటనుంచే రాయడం మొదలుపెడుతుంది. కాబట్టి ముందు పోల్చు, తర్వాతే కలుపు. రైతు పేరుని నేరుగా ఫార్మాట్‌గా, అంటే ఎలా రాయాలో చెప్పే నమూనాగా ఇవ్వకు, శాతం-ఎస్ పెట్టి ఇవ్వు.

ఒక చిన్న స్ట్రక్చర్ చేసుకో. చీటీ చిరునామా, మొత్తం చోటు, వాడిన చోటు, 'తెగింది' అని ఒక గుర్తు. చేర్చే పని ఒకే ఒక్క ఫంక్షన్ చేయాలి. ఒకసారి పట్టకపోతే గుర్తు వేసి, ఆ తర్వాత ఏది ఇచ్చినా చేర్చకూడదు. చివర పంపే ముందు ఆ ఒక్క గుర్తు చూస్తే సరిపోతుంది.

గుర్తు పడితే ఏం చేయాలి అంటావు. తెగిన చీటీ మాత్రం పంపకు. ఇంగ్లీషులో పేరు తెగితే ఒక అక్షరం పోతుంది. తెలుగులో మూడు బైట్ల మధ్య తెగితే ప్రశ్న గుర్తున్న నల్లటి డైమండు బొమ్మ వస్తుంది. దాన్ని తప్పించడం సులభమే. కోసిన చోట మొదలయ్యే బైటు పై రెండు బిట్లు ఒకటి, సున్నా అయితే అది గుర్తు మధ్య బైటు, అలా కానిది దొరికేదాకా వెనక్కి జరగొచ్చు. అయినా సత్తెనపల్లి పొల్లు దగ్గర తెగితే 'సత్తెనపల్' అవుతుంది. యంత్రానికి అది సరైన యూటీఎఫ్-8. చీటీ చేతిలో పట్టుకున్న రైతుకి అది తన ఊరు కాదు. డబ్బు చేతులు మారే కాగితంరా అది. 'పేరు పట్టలేదు' అని తెరమీద చూపించి ఆపెయ్యి, నాన్న చేత్తో రాసిస్తాడు.

ల్యాప్‌టాప్‌లో, హద్దు దాటి రాస్తే పట్టుకునే అడ్రస్ శానిటైజర్ అనే సాధనం పెట్టి కంపైల్ చేసి నడుపు. అయితే ఇప్పుడున్నట్టు చీటీ, లెక్క ఒకే స్ట్రక్చర్‌లో ఉంటే లోలోపల పొంగింది అది పట్టుకోదు. పరీక్ష కోసం చీటీని బయటికి తీసి విడిగా పెట్టు, ఏ వరుసలో పొంగిందో చెబుతుంది.

64ని మార్చి 128 పెట్టేసెయ్యాలని నీకు తోస్తుంది, నాకు తెలుసు. అంకె ఊహించి పెట్టకు. సాయంత్రం నాన్న వచ్చాక పాత చీటీల కట్ట తియ్యమను. కొట్టుకి సరుకు తెచ్చే ఊళ్ళలో అన్నిటికన్నా పొడవైన పేరు ఏదో, రైతుల పేర్లలో పొడవైనది ఏదో వెతకండి. గుర్తులు విడదీసి లెక్కపెట్టి మూడుతో గుణించు, కామాలు కలుపు, రకం కలుపు, చివరి సున్నా మర్చిపోకు. ఆ లెక్క కాగితం మీద వేసి ఫోటో తీసి ఆదివారం లోపు నాకు పంపు.

ప్రేమతో,
అక్క