స్వతంత్రులకు తలుపు మూయకండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. స్వతంత్ర అభ్యర్థులను ఎన్నికల్లో పోటీ చేయనివ్వకూడదని లా కమిషన్ 2015 మార్చిలో తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది. అది ఇంతవరకూ చట్టం కాలేదు. ఎన్నికల సంస్కరణల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ సిఫార్సును ఎవరో ఒకరు పైకి తీస్తూనే ఉన్నారు. అందుకే, ఆ నివేదిక వచ్చిన మూడు నెలలకే మెక్సికోలో జరిగిన ఒక సంగతి మీ దృష్టికి తేవాలనుకున్నాను.

మెక్సికోలో పార్టీ టికెట్ లేనివాళ్లకు పోటీ చేసే హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 2012లోనే. అప్పటిదాకా ఆ మాట మీద మాజీ విదేశాంగ మంత్రి హోర్హె కాస్తానెద అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లి పోరాడాల్సి వచ్చింది. ఆ హక్కు వాడుకుని 2015 జూన్ 7న హలిస్కో రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన కుర్రవాడు పేద్రో కుమామోతో. వయసు 25. ఇంటిపేరు జపాన్‌ది, పుట్టి పెరిగింది ఆ రాష్ట్ర రాజధాని గ్వాదలహారా ప్రాంతంలో. సాంస్కృతిక నిర్వహణ చదివాడు, విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘానికి నాయకుడిగా పనిచేశాడు. ‘వికీపొలితికా’ అనే యువజన బృందంలోని మిత్రులే అతని ప్రచార దళం. నామినేషన్ నిలబడాలంటే ముందు ఓటర్ల సంతకాలు సేకరించాలి. వీధి వీధీ తిరిగి సేకరించారు. పెద్ద పార్టీలకు కోట్లలో ప్రభుత్వ సొమ్ము అందుతుంటే అతనికి ప్రచారానికి ఖజానా నుంచి దక్కింది 18 వేల చిల్లర పెసోలు. ‘గోడలు కూలతాయి’ అన్నది వాళ్ల నినాదం. గ్వాదలహారా పక్కనే ఉన్న సపోపాన్ నగరంలోని 10వ నియోజకవర్గంలో 57 వేలకు పైగా ఓట్లతో గెలిచాడు. ఆ సభలో అడుగుపెట్టిన మొదటి స్వతంత్రుడు అతనే.

సభలో 39 మంది, వారిలో ఇతను ఒక్కడు. ఏం చేయగలడని మీరు అడగవచ్చు. జీతంలో ఎక్కువ భాగం వదులుకున్నాడు, అది మంచిదే. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. హలిస్కోలో పార్టీలకు ఏటా ఇచ్చే ప్రభుత్వ నిధిని ఓటర్ల జాబితాలో ఎన్ని పేర్లున్నాయో చూసి లెక్కకట్టేవారు. జనం విసిగిపోయి పోలింగ్ కేంద్రానికి రాకపోయినా పార్టీల వాటాలో ఒక్క పెసో తగ్గేది కాదు. ఆ నిధిని జాబితాలోని పేర్లకు కాక నిజంగా పడిన ఓట్లకు ముడిపెట్టాలని కుమామోతో పట్టుబట్టాడు. ‘ఓటు లేకపోతే డబ్బు లేదు’ అన్నదే ఆ బిల్లు పేరుగా జనంలోకి వెళ్లింది. తమ జేబుకే కోత పెట్టే చట్టాన్ని ఏ పార్టీ తనంతట తాను తెస్తుంది? బయట ప్రజల ఒత్తిడి పెరిగాక 2017 జూన్‌లో ఆ పార్టీల సభ్యులే దానికి ఓటు వేయాల్సి వచ్చింది. గ్రీన్ పార్టీ, న్యూ అలయన్స్ పార్టీ మెక్సికో సుప్రీంకోర్టుకెక్కాయి. అదే ఏడాది ఆగస్టులో కోర్టు చట్టాన్ని సమర్థించింది. ప్రజాప్రతినిధులకు కేసుల నుంచి ఉన్న రక్షణ కవచం హలిస్కోలో తొలగడంలోనూ అతని కృషి ఉంది.

తర్వాతి కథ కూడా దాచకుండా చెప్పాలి. 2018లో సెనేట్‌కు పోటీ చేసి ఏడు లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకుని కూడా ఓడిపోయాడు. ఒంటరిగా రాష్ట్రమంతా నెగ్గుకురావడం కష్టమని తేలింది. మిత్రులతో కలిసి ‘ఫుతూరో’ అనే ప్రాంతీయ పార్టీ పెట్టాడు. 2021లో సపోపాన్ మేయర్ పదవికి నిలబడి ఓడాడు. 2024లో మెక్సికో అధికార పార్టీ అయిన మొరేనా కూటమి అభ్యర్థిగా మళ్లీ నిలబడి మళ్లీ ఓడాడు. ఆ కూటమిలో, తన చట్టం మీద కోర్టుకెక్కిన గ్రీన్ పార్టీ కూడా ఉంది. అతన్ని మొదటి నుంచీ నమ్మినవాళ్లలో కొందరికి అది మింగుడుపడలేదు. నాకూ బాధ కలిగింది. అయినా స్వతంత్రుడిగా ఉన్న ఆ మూడేళ్లలో అతను చేసిన పనిని ఆ పొత్తు చెరిపేయలేదు.

అయ్యా, స్వతంత్రుల్లో చాలామంది ఉత్తుత్తి అభ్యర్థులేనని, ఓట్లు చీల్చడానికే నిలబడతారని లా కమిషన్ వాదన. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ 2019లో నిజామాబాద్‌లో నామినేషన్లు వేసిన 170 మందికి పైగా రైతులను ఏ లెక్కలో వేస్తారు? పసుపు బోర్డు అడిగి అడిగి అలసిపోయిన వాళ్లకు బ్యాలెట్ ఒక్కటే దారిగా కనిపించింది. 1957 లోక్‌సభలో 42 మంది స్వతంత్రులు ఉండేవారు. 2024లో గెలిచినవారు ఏడుగురు. ఇంతగా కుంచించుకుపోయిన దారిని మూసేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

మీకు నా విన్నపాలు ఇవి. ఆ సిఫార్సును ప్రభుత్వం అంగీకరించడం లేదని పార్లమెంటులో స్పష్టంగా ప్రకటించండి. ఉత్తుత్తి అభ్యర్థులను వడకట్టాలంటే డిపాజిట్ పెంచకండి, డబ్బున్నవాడికి అది అడ్డే కాదు. మెక్సికోలో లాగా నియోజకవర్గ ఓటర్ల సంతకాలు అడగండి. అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టిన చట్టం పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టలేదు, పార్టీ లేనివాడు అక్కడే ఓడిపోతున్నాడు. ఆ వెసులుబాటును తొలగించే సవరణ బిల్లును సభ ముందుకు తెండి.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు