పాలిష్, పెయింట్ పనులకు ఇకపై ఒకటి రెండు రోజులు ఎక్కువ

మా వర్క్‌షాప్‌కి తలుపులు, కుర్చీలు, బీరువాలు ఇచ్చిన అందరికీ నమస్కారం. ఇకపై డెలివరీకి ఇదివరకటి కంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. పెయింట్ పూర్తిగా ఆరనిదే ఏ వస్తువునూ బయటికి పంపకూడదని నిర్ణయించుకున్నాం.

"థిన్నర్ కాస్త ఎక్కువ కలిపితే తొందరగా ఆరుతుంది కదా" అని చాలామంది అడుగుతున్నారు. ఎనామిల్ పెయింట్ రెండు దశల్లో ఆరుతుంది. ముందు పెయింట్‌ని పలుచన చేయడానికి థిన్నర్‌గా కలిపే టర్పెంటైన్ ఆవిరైపోతుంది. తర్వాత పెయింట్‌లోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఈ రెండో దశను థిన్నర్ తొందరపెట్టలేదు. అది పూర్తికాకముందు పైన వేలు పెడితే అంటుకోదు, గోరు నొక్కితే మాత్రం గుర్తు పడుతుంది. అలాంటి తలుపులు ఒకదానిపై ఒకటి పెడితే అతుక్కుపోతాయి.

కిరోసిన్ కలిపితే పని చవకగా అవుతుంది, నిజమే. కానీ అది నిదానంగా ఆవిరవుతుంది, వెనక జిడ్డు మిగిలిపోతుంది. మెరుపు తగ్గుతుంది, పై కోటు సరిగా పట్టదు. తుప్పు పట్టిన బోల్టులు నానబెట్టడానికి వాడతాం కానీ పెయింట్‌లో కలపం.

పెట్రోల్ అయితే జిడ్డు తుడవడానికి కూడా వద్దు, దయచేసి సీసాలో పోసి తీసుకురావద్దు. సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దాని నుంచి వస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడి పాకి దూరంగా ఉన్న మంటను చేరుకోగలదు. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం కూడా. మా కుర్రాళ్ల చేతులకి అది అంటడం నాకు ఇష్టం లేదు.

ఫ్రెంచ్ పాలిష్ ఇచ్చినవాళ్లకి ఇంకో మాట. స్పిరిట్‌లో లక్క కరిగించి, దూది మీద మెత్తని గుడ్డ చుట్టి చెక్కపై పలుచగా పూస్తాం. స్పిరిట్ వేగంగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజున ఆ చెమ్మ అక్కడే దిగి, ఎర్రగా మెరవాల్సిన పాలిష్‌పై పాలపొరలాంటి తెలుపు వస్తుంది. స్పిరిట్ తడి గుడ్డతో తేలిగ్గా తుడిచి చాలాసార్లు సరిచేయొచ్చు. అయినా ముసురు పట్టిన రోజు మొదలుపెట్టకపోవడమే మేలు. అందుకే వానల్లో ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది.

ఇంట్లో తలుపులకి మీరే అవిసె నూనె రాసుకుంటుంటే, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డలు అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

ప్రస్తుతం మా దగ్గర వస్తువులున్నవాళ్లు వచ్చేముందు ఫోన్ చేయండి. శుభకార్యం దగ్గర్లో ఉంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే తేదీ చెప్పండి, దాన్ని బట్టి పని ముందే మొదలుపెడతాం. ఇంటికి తీసుకెళ్లాక కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచండి, బల్లలపై వేడి గిన్నెలు పెట్టకండి.