నేను బతికే ఉన్నానండీ, కేసు నంబరైనా చెప్పండి

లాయర్ గారి ఆఫీసు వారికి నమస్కారం,

సార్ పేరు మీదే రాద్దామనుకున్నా. కానీ ఇది సార్ టేబుల్ దాకా వెళ్తుందన్న నమ్మకం నాకు లేదు, మధ్యలో ఎవరు కవర్ చింపితే వాళ్లే చదువుకోండి, మీ అందరికీ కలిపే రాస్తున్నా.

నేను మీ యాక్సిడెంట్ కేసు క్లయింట్‌ని. ఎనిమిది నెలల కింద ట్రాలీ ఆటో గుద్దింది, కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. ఇంతకంటే రాయను, మిగతాదంతా మీ దగ్గర నాలుగు సెట్ల జిరాక్సుల్లో ఉంది. నాకు ఆ ఆటో అతని మీద కూడా కోపం లేదు, అతనైనా హాస్పిటల్‌కి రెండుసార్లు వచ్చి తలదించుకుని కూర్చుని వెళ్ళాడు. మీ ఆఫీసు నుంచి ఎనిమిది నెలల్లో మీ అంతట మీరు చేసిన ఫోన్లు ఎన్నో తెలుసా? ఒకటి. ఆ ఒక్కటీ ఎందుకు చేశారో తర్వాత చెప్తా, చెప్తే మీకే సిగ్గేస్తుంది.

ముందు మీ మెట్ల సంగతి. 38 మెట్లు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. కాళ్లు చేతులు విరిగినవాళ్ల కేసులు చూసే ఆఫీసు పైన పెట్టి, కింద బ్యాంకుకి అద్దెకిచ్చారు, ఆ ఐడియా ఎవరిదో గానీ దండం పెట్టాలి. మొదట్లో వాకర్ మా ఆవిడ మోసుకొస్తుంటే నేను రైలింగ్ పట్టుకుని కుంటుకుంటూ ఎక్కేవాణ్ణి, పద్నాలుగో మెట్టు దగ్గర మలుపు, అక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలి, అక్కడి నుంచి మీ బోర్డు కనిపిస్తుంది, "బాధితులకు అండగా" అని. ఆరుసార్లు ఎక్కాను. అందులో అయిదుసార్లు పైన నాకు దొరికిన సమాధానం ఒక్కటే, సార్ కోర్టులో ఉన్నారు. సరే, లాయరు కోర్టులో కాక ఎక్కడుంటారు, తప్పు నాదే అనుకున్నా. కానీ ఆ అయిదింట్లో ఒకసారి రెండో శనివారం అండి. మిగిలిన ఒక్కసారి ఆదివారం, మీ ఫ్రంట్ ఆఫీసు అమ్మాయే రమ్మంది, వస్తే ఆఫీసుకి తాళం. కింద టీ కొట్టు ఆయన చెప్పాడు, ఆదివారం వీళ్లు తీయరండీ అని. ఆ విషయం మీ అమ్మాయికి తెలీదు మరి, టీ కొట్టాయనకి తెలుసు.

ఆ అమ్మాయిని తిట్టడం నా ఉద్దేశం కాదు, చిన్నపిల్ల, ఎవరు ఏం చెప్పమంటే అది చెప్తుంది. కానీ ఫోన్ ఎత్తగానే "మీ కేసు ఏ స్టేజ్‌లో ఉందండీ" అని నన్ను అడుగుతుంది. అమ్మా, అది తెలుసుకోడానికే కదా నేను ఫోన్ చేసింది! "ఓపీ నంబర్ చెప్పండి" అంటుంది, అంటే కోర్టులో వేసిన పిటిషన్ నంబరట, అది ఇవ్వమనే కదా మూడు నెలల నుంచి అడుగుతున్నా. గుమస్తా గారికి కలుపుతా అంటుంది, గుమస్తా గారేమో జూనియర్ గారిని అడగాలంటారు, జూనియర్ గారు ఫైల్ గుమస్తా దగ్గరుంది అంటారు. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే, గోడకి చెప్పుకున్నట్టే. గోడైతే కనీసం చదివినట్టు చూపించదు.

బిల్లుల సంగతి చెప్పాలి. మందుల షాపులో మిషన్‌లోంచి వచ్చే పల్చటి బిల్లులుంటాయి కదా, కొన్నాళ్లకి అక్షరాలు ఎగిరిపోతాయని మా ఆవిడ ఒక్కోటి జిరాక్స్ తీయించి, ఒరిజినల్ వెనకాల పిన్ను కొట్టి, తేదీల వారీగా పేర్చి, డిశ్చార్జ్ సమ్మరీ, ఎఫ్ఐఆర్ కాపీ, దెబ్బల గురించి డాక్టర్ రాసిచ్చిన వూండ్ సర్టిఫికెట్ అన్నీ పైన పెట్టి, పసుపు రంగు ఫైల్‌లో మీ గుమస్తా చేతికిచ్చింది. రాత్రి నన్ను పడుకోబెట్టాక నేల మీద పరుచుకుని చేసింది ఆ పని. మూడోసారి వస్తే గుమస్తా గారు, మీ బిల్లులు రాలేదే అన్నారు. నేను అక్కడే నిలబడి, అదిగో ఆ పసుపు ఫైలే అని వేలు పెట్టి చూపించా. తీసి చూస్తే పైన వేరే ఎవరి పేరో స్కెచ్ పెన్నుతో రాసుంది, లోపల నా బిల్లులు. ఆయన నవ్వి, ఆ దొరికాయి లెండి అన్నారు. దొరికాయి లెండి! ఆ కలిసిపోయిన ఇంకొకాయన కాగితాలు ఎవరి ఫైల్‌లో ఉన్నాయో, పాపం ఆయన కూడా ఎక్కడో మెట్లెక్కుతూనే ఉండుంటాడు. నా ఎక్స్‌రేలైతే ఎక్కడున్నాయో చెప్పనా, హాల్లో కూలర్ స్టాండ్ కింద, అది ఊగకుండా మడతపెట్టి పెట్టారు. పెద్ద కవరు, మీద నా పేరు మా అమ్మాయి చేతిరాతలో. అది చూశాక నేనేం మాట్లాడలేదు, వచ్చేశా. ఆ రోజు దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టా, అందుకే 38 అని అంత కరెక్ట్‌గా చెప్తున్నా.

ఇప్పుడా ఫోన్ సంగతి. మీ కొత్త జూనియర్ గారు, పేరు రాయను, మా ఆవిడ నంబర్‌కి చేశారు. స్పీకర్ పెట్టింది, నేను పక్కనే మంచం మీద ఉన్నా. "అమ్మా, మీ హస్బెండ్ డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వలేదు, అవి లేకపోతే లేటవుతుంది" అన్నారు. మా ఆవిడ నోట మాట రాలేదు. నేనే, సార్ నేను బతికే ఉన్నానండీ, నా కేసు దెబ్బల కేసు అని చెప్పా. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఓహో అలాగా, అయితే సాలరీ సర్టిఫికెట్ పంపండి" అన్నారు. సారీ లేదు ఏమీ లేదు. నేను వైరింగ్ పని చేసుకునేవాణ్ణండీ, నిచ్చెన ఎక్కి దిగే పని, నాకు సాలరీ సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఫ్యాన్ ఇస్తుందా, ట్యూబ్‌లైట్ ఇస్తుందా? మా ఆవిడ ఆ సాయంత్రం అన్నం తినలేదు. మీకది ఫైల్‌లో పొరపాటు, మాకు అది ఇంట్లో జరిగింది.

ఇంత జరిగినా ఇంకో లాయర్ దగ్గరికి ఎందుకు పోలేదు అంటే మీ ఆఫీసు మొదట్లో నడిపిన పెద్ద సార్ వల్ల. పదకొండేళ్ల కింద మా బావకి లారీ డ్రైవింగ్‌లో ఉండగా కుడిచెయ్యి పోయినంత పనైతే పెద్ద సారే చూశారు. అప్పుడు ఒకటే గది, ఒక బీరువా, ఒక స్టూలు. మెడికల్ బోర్డు డిజేబిలిటీ తక్కువ శాతం రాసిందని బావ ఏడుస్తుంటే సార్ కూర్చోబెట్టి చెప్పారు, డాక్టర్ రాసిన శాతం వేరు, పనికి పడే దెబ్బ వేరు, గుమస్తాకి చెయ్యి వంకర పోతే ఒక లెక్క, డ్రైవర్‌కి పోతే ఇంకో లెక్క, 2011లో సుప్రీం కోర్టే అలా చూడమని చెప్పింది అని. చదువురాని మా బావకి అర్థమయ్యేలా చెప్పారు. వాయిదా అయిన సాయంత్రం సారే ఫోన్ చేసేవారు, అప్పుడు వాట్సాప్ గ్రూపులూ లేవు టోకెన్లూ లేవు. ఆ ఒక్క మంచితనం చూసి ఈ పదకొండేళ్లలో నేను ముగ్గుర్ని మీ దగ్గరికి పంపా, మా వీధిలో ఎవరికి యాక్సిడెంట్ అయినా నా నోటి వెంట మీ పేరే వచ్చేది, ఒక్క రూపాయి ఆశించి కాదు. నా వంతు వచ్చేసరికి పెద్ద సార్ రావడం తగ్గించేశారట, బోర్డు మీద "అండ్ అసోసియేట్స్" వచ్చింది, గోడకి టీవీ వచ్చింది, ఏసీ వచ్చింది (అది సార్ గదికే, మాకు కూలర్, దాని కింద నా కాలు).

అసలు భయం ఏంటో చెప్తా, అందుకే ఈ లెటర్. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో మార్చారట, ఆ మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిందట, దాని ప్రకారం యాక్సిడెంట్ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు, యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వెయ్యాలట. బావ కేసప్పుడు ఈ గడువు లేదు కాబట్టి నాకు తెలీదు, మా అమ్మాయి ఫోన్‌లో చదివి చెప్పింది. చెప్పాల్సింది మా అమ్మాయా మీరా? అయిదో నెలలో వచ్చి ఇదే అడిగితే మీ జూనియర్ గారు "అవన్నీ మేం చూసుకుంటాం కదండీ" అన్నారు. చూసుకుంటే మంచిదే, చూశారా లేదా అనేగా నేను అడుగుతోంది! పోలీసులు ట్రిబ్యునల్‌కి పంపే యాక్సిడెంట్ రిపోర్టునే అప్లికేషన్‌గా తీసుకుంటారని కూడా చట్టంలో ఉందట, మరి నాది ఆ దారిలో వెళ్ళిందా, మీరు విడిగా వేశారా, అసలు ఏదీ లేదా? కేసు ఫైల్ అయితే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ ఒకటి వస్తుంది, అది కొడితే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలన్నీ కనిపిస్తాయి. నంబర్ లేదు కాబట్టి మా అమ్మాయి పేరుతో వెతికింది. నా పేరున్నవాళ్లు ముగ్గురు దొరికారు, ఒకాయన మీద చెక్ బౌన్స్, ఒకాయనది పొలం గట్టు తగాదా, మూడో ఆయన విడాకులు. నేను మాత్రం లేను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది.

పోయిన వారం ఒక పని చేశా, తప్పే కానీ చేశా. మా అమ్మాయి నంబర్ నుంచి మీ ఆఫీసుకి ఫోన్ చేసి, యాక్సిడెంట్ కేసు ఉంది కొత్తది, అవతల బండికి ఇన్సూరెన్స్ ఉంది అన్నా. రెండో రింగుకి ఎత్తారు. రెండు నిమిషాల్లో సార్ లైన్లోకొచ్చారు, పనిదినం, మధ్యాహ్నం పన్నెండున్నర, కోర్టు టైము! ఎంత మర్యాదగా మాట్లాడారో సార్, "మీరు రాలేకపోతే మా కుర్రాణ్ణి హాస్పిటల్‌కే పంపిస్తాం" అన్నారు. సార్ గొంతు వినడం ఎనిమిది నెలల్లో నాకు అదే మొదటిసారి. నేనెవరో చెప్పకుండా పెట్టేశా, చెప్తే కోర్టుకెళ్ళిపోతారని.

ఫీజు గురించి కూడా ఒక మాట. మీ గుమస్తా గారు వచ్చినదాంట్లో ఇంత శాతం అని మెట్ల మలుపు దగ్గర చెవిలో చెప్పారు, నేనూ తలూపాను. కేసులో వచ్చిన డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ రూల్సే చెప్తున్నాయని మా వీధిలో రిటైరైన కోర్టు ఉద్యోగి ఒకాయన అంటే తెలిసింది. నా తరఫున వాదించమని మీకిచ్చే వకాలత్‌తో పాటు ఖాళీ కాగితాల మీద కూడా సంతకాలు పెట్టించుకున్నారు, పెట్టాను, కాలు నొప్పిలో ఏదైనా పెడతాం. అవి ఎన్నో నాకు గుర్తులేదు, మీ దగ్గర మాత్రం జాగ్రత్తగానే ఉండుంటాయి, అవైతే కూలర్ కింద పెట్టరు కదా.

కన్స్యూమర్ కోర్టుకి పోదామనుకున్నా మొదట. 2024 మేలో సుప్రీం కోర్టు లాయర్ల సేవలు కన్స్యూమర్ చట్టం కిందకి రావని చెప్పేసిందని ఆ రిటైరైన కోర్టు ఉద్యోగే చెప్పారు. మీకది ముందే తెలుసు కాబట్టే ఇంత ధైర్యం అనుకుంటా. కానీ 1961 అడ్వకేట్స్ చట్టంలో సెక్షన్ 35 ఉందట, స్టేట్ బార్ కౌన్సిల్‌కి కంప్లయింట్ ఇచ్చుకోవచ్చట, మా అమ్మాయి టైప్ చేసి పెట్టింది, సంతకం ఒక్కటే మిగిలింది, ఈసారి ఖాళీ కాగితం మీద కాదు. ఫీజు బాకీ అని చెప్పి ఫైల్ పట్టుకు కూర్చునే హక్కు కూడా లాయర్‌కి లేదని 2000లోనే సుప్రీం కోర్టు చెప్పిందట. గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి ఈ కథంతా రాయడం ఎలాగూ ఉంది. నేను పంపిన ముగ్గురికీ, మా బావకీ కూడా ఫోన్లు చేస్తా. మా బావ నోరు మీకు తెలుసు.

నేను ఎన్ని లక్షలు వస్తాయని అడగలేదు, ఎప్పుడొస్తాయనీ అడగలేదు, పిటిషన్ వేశారా లేదా, వేస్తే నంబరెంత, ఈ ఒక్క ముక్క చెప్పండి. వెయ్యకపోతే వెయ్యలేదని చెప్పి, కాగితాలన్నీ, ఎక్స్‌రేలు కూడా, ఇచ్చేసి వేరే లాయర్‌ని పెట్టుకోడానికి అభ్యంతరం లేదని వకాలత్ మీద రాసిచ్చెయ్యండి.

వచ్చే సోమవారం పదకొండింటికి వస్తా. పైకి ఎక్కను. ఎక్కడం అయిపోయింది నాది. కింద మొదటి మెట్టు మీద మా ఆవిడ, నేను కూర్చుంటాం, టీ కొట్టాయన కుర్చీ కూడా వేస్తా అన్నాడు. దారిన పోయే మీ కొత్త క్లయింట్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఎవరో ఒకరు పసుపు ఫైల్ పట్టుకుని కిందికి దిగండి, 38 మెట్లే.

ఇట్లు,
మీ ఫైల్‌లో చనిపోయిన, బయట బతికే ఉన్న క్లయింట్

తా.క. కూలర్ కింద ఎక్స్‌రేలు తీసేటప్పుడు స్టాండ్ పట్టుకుని తీయండి, ఒక కాలు పొట్టిగా ఉంది దానికి, మీద పడుతుంది.