ఆంగ్లంలో ‘కాదు’ అనడం ఎలాగో కూడా నేర్పండి

సంపాదకులకు,

మీ పత్రిక విద్యా పేజీలో ఉద్యోగార్థుల కోసం వచ్చే ఆంగ్ల వ్యాకరణ పాఠాలను బెంగళూరులో ఉంటూ క్రమం తప్పకుండా చదివేవారిలో నేనొకణ్ణి. వైట్‌ఫీల్డ్ పరిసరాల్లోని సాఫ్ట్‌వేర్ కొలువుల్లో కొత్తగా చేరిన తెలుగు యువతకు సాయంత్రాలు ఆంగ్లం చెబుతుంటాను కనుక ఆ పాఠాలను వారి ముందు పెడుతుంటాను కూడా. కెన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షుడ్, మస్ట్ అనే సహాయక క్రియలను మీ పాఠాలు పట్టికగా ఇచ్చి, ఎదురుగా ‘గలను’, ‘వచ్చు’, ‘వలెను’ అని అర్థాలు రాసి వదిలేస్తున్నాయి. పోటీ పరీక్షకు అది చాలు. ఆఫీసులో మాత్రం ఈ క్రియలు ఎక్కువగా చేసే పని వేరు: ‘కాదు’ అనే మాట రానివ్వకుండానే కాదని చెప్పడం, లేదా అన్న మాటను కొంత సడలించి, అవసరమైతే వెనక్కి తగ్గేందుకు దారి ఉంచుకోవడం. ఆ సంగతి పాఠాల్లో ఎక్కడా కనిపించడం లేదు.

గడువు మరో రెండు వారాలు పొడిగించమని లండన్‌లోని క్లయింటును అడిగితే ‘దట్ మైట్ బి డిఫికల్ట్’ అని జవాబు వచ్చిందనుకుందాం. పట్టిక ప్రకారం చదివినవారికి అది ‘కష్టం కావచ్చు’ అనే అర్థమే ఇస్తుంది. కావచ్చు అన్నారంటే కాకపోనూ వచ్చు కదా అని మనవాడు ఆశ పెట్టుకుంటాడు. రాసినవారి లెక్కలో చాలాసార్లు ఆ వాక్యంతోనే సంగతి ముగిసిపోతుంది. ఇంతకంటే తికమక పెట్టేది ‘ఐ వుడ్ లవ్ టు’ అనే మాట. ఆహ్వానానికి బదులుగా అంతవరకే అని ఆపితే అది నిండు అంగీకారం. దాని వెనకే ‘బట్’ వచ్చిందంటే అది నిరాకరణ. సగం విని సంతోషించేవారు నష్టపోయేది ఇక్కడే.

ఇది ఎలా పనిచేస్తుందో చెబితే పిల్లలు సులువుగానే పట్టుకుంటారు. కుడ్, వుడ్, మైట్ అనేవి పుట్టుకతో కెన్, విల్, మే అనే వాటికి భూతకాల రూపాలు. ఇప్పుడు జరిగే విషయానికి గడిచిన కాలపు రూపం తొడిగితే, అడిగేవారికీ అడిగిన పనికీ మధ్య కాస్త ఎడం ఏర్పడుతుంది; ‘వీలైతే’, ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అనే పైకి పలకని షరతు ఒకటి ఆ రూపంలో ఇమిడి ఉంటుంది. మన దేశంలో చాలామంది ‘ఐ వుడ్ బి కమింగ్ టుమారో’ అని మర్యాదగానే రాస్తారు, కానీ అవతలి దేశంవారు ఆ షరతు ఏమిటా అని ఎదురుచూస్తారు.

ఇదంతా తెల్లవారి డొంకతిరుగుడు, మనకెందుకు అనేవారు నా దగ్గరికి వచ్చేవారిలోనూ ఉన్నారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. పెళ్ళి పిలుపుకు ‘రాను’ అని బదులిచ్చే తెలుగువాడు ఎవరు? ‘రాలేనండి’ అంటాం, ఇంకా పెద్దవారైతే ‘రాలేకపోతానేమో బాబాయ్’ అంటాం. మనసులో ఇష్టం లేకపోయినా నెపం శక్తి మీదికి, పరిస్థితి మీదికి నెట్టేస్తాం. ఆంగ్లంలో వోంట్ అంటే మొండితనం, కాంట్ అంటే నిస్సహాయత అనిపించడానికి కారణం కూడా ఇదే. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనేవారికి ఈ మర్యాద కొత్తదేమీ కాదు. పినెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే భాషాశాస్త్రవేత్తలు 1978లో ప్రకటించి, 1987లో పుస్తకంగా తెచ్చిన మర్యాద సిద్ధాంతానికి ప్రధాన ఆధారాలు మూడు భాషలైతే, ఆంగ్లం, మెక్సికోలోని త్సెల్తాల్ తర్వాత మూడవది తమిళం, అదీ కోయంబత్తూరు ప్రాంతపు పల్లె తమిళం. ఎదుటివారి గౌరవానికి దెబ్బ తగిలే మాటను మెత్తబరచుకునే అవసరం అన్ని చోట్లా ఉందని వారి వాదన.

కాబట్టి నేర్పవలసింది మర్యాద కాదు, ఆ భాషలో దాని కొలతలు. ఈ కొలత మాట్లాడేవారి హోదాను బట్టి మారుతుంది. పక్క సీటు స్నేహితుడు ‘యూ మైట్ వాంట్ టు చెక్ దిస్’ అంటే సలహా. అదే వాక్యం మేనేజరు రాస్తే, సాయంత్రంలోగా చూసి పెట్టమని ఆజ్ఞ. మన ఇంజినీర్లు ఇక్కడ పొరబడటానికి వారి వృత్తి కూడా కొంత కారణమని నా అనుమానం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో ఈ క్రియలకు గట్టి హద్దులు గీశారు: మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే పర్యవసానాలన్నీ తూచి తగిన కారణం ఉంటేనే పక్కన పెట్టదగినది, మే అంటే ఐచ్ఛికం. పగలంతా ఆ అర్థాలతో పనిచేసినవారు మెయిల్‌లో వచ్చిన ‘మే’ను కూడా ఐచ్ఛికమనే అనుకుంటారు. తామే రాయవలసి వచ్చినప్పుడు ‘యూ మస్ట్ సెండ్’ అని నిస్సంకోచంగా రాసేస్తారు. అవతలివారికి అది గద్దింపుగా వినిపిస్తుంది. (అదే మస్ట్ విందు భోజనం దగ్గర ‘యూ మస్ట్ ట్రై దిస్’ అని వస్తే ఆప్యాయత. ‘ఈ పచ్చడి మీరు వేసుకోవలసిందే’ అనే మనకు ఇది వివరించనక్కర్లేదు.)

ప్రతి ‘మే’ వెనకా నిరాకరణ వెతకాలని నా ఉద్దేశం కాదు. మందుల పెట్టె మీద మగత రావచ్చని రాసిన ‘మే’లో మర్యాద ఏమీ లేదు, అది అక్షరాలా సంభావ్యతే. అమెరికన్లు సాధారణంగా బ్రిటిష్ వారికంటే సూటిగా మాట్లాడతారని కూడా చెప్పాలి, అయినా పైన చెప్పిన ‘మైట్ వాంట్ టు’ వారి ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది.

అందుకని మీ విద్యా పేజీ నిర్వాహకులకు ఒక సూచన. పట్టికకు బదులు వారానికి ఒక సందర్భం ఇవ్వండి: గడువు పెంచమన్న కోరిక, సెలవు రోజు పని చేయమన్న ఒత్తిడి, సమావేశంలో పెద్దవారి అభిప్రాయాన్ని తోసిపుచ్చవలసిన అవసరం. ప్రతి సందర్భానికీ మెత్తనివి, గట్టివి కలిపి నాలుగు జవాబులు అచ్చువేసి, వాటిని తీవ్రతను బట్టి వరుసలో పెట్టమని పాఠకులను అడగండి. సరైన వరుసను, కారణాలతో సహా, మరుసటి వారం ప్రకటించండి. వాటితోపాటు, వచ్చిన జవాబు అవునో కాదో తేలనప్పుడు ‘షుడ్ ఐ టేక్ దట్ యాజ్ ఎ నో?’ అని నొచ్చుకోని విధంగా తిరిగి అడిగే పద్ధతిని మొదటి వారమే నేర్పితే ఇంకా మంచిది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
వైట్‌ఫీల్డ్, బెంగళూరు